యూదా గోత్రమా, యూదా తెగా?

సందేహం: బైబిలులో ‘ఇశ్రాయేలు పండ్రెండు గోత్రములు’, ‘యూదా గోత్రపు సింహము’ అని చదువుతుంటాం. మనకు గోత్రం అంటే పెళ్ళి సంబంధాలప్పుడు అడిగేది, పూజలో చెప్పుకునేది. కొందరేమో ‘ఇజ్రాయెల్ తెగలు’ అని రాస్తున్నారు. ఏది సరైనది? ప్రవచనాల్లో వీటికి అంత పట్టింపు ఎందుకు?

సమాధానం: ఈ సందర్భంలో గోత్రం అనడమే మంచిది. కాకపోతే మన ఇళ్ళలో దానికున్న అర్థాన్ని అక్కడికి మోసుకుపోకూడదు. మన గోత్రం భరద్వాజ, కాశ్యప వంటి ఋషుల పేర్లతో నడుస్తుంది. గోత్రం ఒకటే అయితే పెళ్ళి మాట ఎత్తరు. ఇశ్రాయేలు గోత్రాలు వాళ్ళ మూలపురుషుడు యాకోబు (ఇతనికే ఇశ్రాయేలు అని పేరు) కొడుకుల, మనవళ్ళ పేర్లతో నడుస్తాయి. యాజకత్వం, గుడి సేవ చూసుకునే లేవీయులకు తప్ప ప్రతి గోత్రానికీ భూమిలో వాటా ఉంటుంది. సంఖ్యాకాండం 36వ అధ్యాయం చూడండి. మగపిల్లలు లేని సెలోపెహాదు ఆస్తి అతని ఐదుగురు కూతుళ్ళకు వచ్చింది. వాళ్ళు వేరే గోత్రంవాళ్ళను చేసుకుంటే ఆ భూమీ అటే పోతుంది కాబట్టి తండ్రి గోత్రంలోనే పెళ్ళాడమన్నాడు మోషే. వాళ్ళు చిన్నాన్న, పెదనాన్నల కొడుకులనే చేసుకున్నారు. మన పద్ధతికి పూర్తిగా ఎదురు!

తెగ అంటే ఏం పోతుంది? తెగ అనగానే మనకు చెంచులో కోయలో గుర్తొస్తారు. ఫలానా తండ్రి సంతానం అన్న భావం అందులో వినిపించదు. ప్రవచనానికి ఆయువుపట్టు అదే. ఆదికాండం 49లో యాకోబు చనిపోయే ముందు కొడుకులను పిలిచి, ముందు ముందు ఏం జరుగుతుందో ఒక్కొక్కరికీ చెబుతాడు. యూదాను కొదమ సింహం అంటాడు, రాజదండం అతణ్ణి విడిచిపోదంటాడు. దావీదు రాజు ఆ గోత్రంవాడే. ఆ మాట యేసులో నెరవేరిందని క్రైస్తవుల విశ్వాసం. బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం 5:5లోని సింహం అక్కడి నుంచి వచ్చిందే. హెబ్రీ పత్రిక 7వ అధ్యాయం మరీ సూటిగా వాదిస్తుంది: యాజకులది లేవి గోత్రం, యేసుది యూదా గోత్రం, కాబట్టి ఆయన యాజకత్వం లేవి వరసది కాదు, అబ్రాహాము కాలంలో రాజుగా, యాజకుడిగా ఉన్న మెల్కీసెదెకు క్రమానికి చెందింది. గోత్రాన్ని పక్కన పెడితే ఈ వాదనే నిలవదు.

ప్రకటన 7లో గోత్రానికి 12,000 చొప్పున 1,44,000 మందికి దేవుని వారన్న గుర్తుగా ముద్ర పడుతుంది. వీరు యూదులేనా, మొత్తం క్రైస్తవ సంఘానికి గుర్తా అన్నదానిపై క్రైస్తవుల్లో ఏకాభిప్రాయం లేదు. ఆ జాబితాను మాత్రం నిదానంగా చదవాలి. పెద్దకొడుకు రూబేనును దాటి యూదా ముందుకొచ్చాడు. మరో కొడుకు దాను పేరే లేదు. యోసేపు ఉన్నాడు, అతని కొడుకు మనష్షే కూడా ఉన్నాడు. క్రీస్తువిరోధి (చివరి రోజుల్లో క్రీస్తుకు ఎదురు నిలిచేవాడు) దాను గోత్రంలో పుడతాడు కాబట్టే ఆ పేరు తీసేశారని 2వ శతాబ్దంలో ఐరేనియస్ అనే బిషప్ రాశాడు. నాకది బలమైన వాదన అనిపించదు. రాబోయే కాలపు భూమి పంపకాన్ని చెప్పే యెహెజ్కేలు 48లో మొదటి వాటా దానుదే మరి.

అదే ప్రకటన 7లో 9వ వచనం ‘ప్రతి వంశములోనుండియు’ వచ్చిన లెక్కకందని జనాన్ని చూపిస్తుంది. గ్రీకులో 4వ వచనంలోనూ ఇక్కడా ఉన్నది ఒకే మాట, ‘ఫులే’. ఇశ్రాయేలుకు గోత్రం, మిగతా లోకానికి వంశం అని మన అనువాదకులు విడదీశారు. చదవడానికి బాగానే ఉంది గానీ, ఆ రెండు వచనాల మధ్య ముడి తెలుగులో కనబడకుండా పోయింది. మీరు రాసేటప్పుడు ‘పన్నెండు గోత్రాలు’ అనే రాయండి. 9వ వచనం దాకా వస్తే, మూలంలో అక్కడున్నదీ ఆ మాటేనని ఒక వాక్యం చేర్చండి.