గంజాయితో మొదటిసారి దొరికితే జైలు తప్పదా? చికిత్సకు ఒప్పుకుంటే కేసు పోతుందా?

తప్పదని లేదు. ఎన్‌డీపీఎస్ అనే మాదకద్రవ్యాల చట్టం (1985) ముందు బరువు చూస్తుంది. గంజాయి కిలో వరకు ఉంటే చిన్న పరిమాణం: ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. కనీసం పదేళ్లు, బెయిలూ కష్టమే.

ఇదే చట్టంలోని సెక్షన్ 64ఎ ఇక్కడ పనికొస్తుంది. వ్యసనపరుడు చిన్న పరిమాణం కేసులోనో, వాడకం కేసులోనో (సెక్షన్ 27) ఇరుక్కుని, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో తానే చికిత్సకు చేరితే ప్రాసిక్యూషన్ (కోర్టులో కేసు నడపడం) నుంచి రక్షణ దొరుకుతుంది. గుర్తింపు లేని ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్ కాగితం చెల్లదు. మధ్యలో మానేస్తే రక్షణ తీసేయొచ్చు. కేంద్రాల వివరాలకు 14446కు ఫోన్ చేయండి, ఉచితం.