మీ ప్రశ్నలు, మా జవాబులు: వెటర్నరీ పాథాలజీలోకి రావాలంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా వెటర్నరీ పాథాలజీ (జంతువుల ఒంట్లో వచ్చిన మార్పులు చూసి జబ్బు తేల్చే శాఖ) గురించే ఉన్నాయి, ఎందుకో తెలీదు గానీ సంతోషం. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి జవాబులిస్తున్నా.

ప్రశ్న: మేడం, నేను వెటర్నరీ డిగ్రీ మూడో సంవత్సరం. పాథాలజీ ప్రాక్టికల్స్ అంటే పిచ్చి ఇష్టం, మైక్రోస్కోప్ ముందు కూర్చుంటే టైమే తెలీదు. ఈ లైన్‌లోకి వెళ్తానంటే క్లాస్‌మేట్స్ "బతికున్నవాటిని వదిలేసి చచ్చినవాటికి డాక్టరవుతావా" అని ఏడిపిస్తున్నారు, ఇంట్లో ఉద్యోగాలుంటాయా అని అడుగుతున్నారు. నాకు మనుషులతో మాట్లాడటం పెద్దగా రాదు కాబట్టి ఇదే సెట్ అవుతుందనిపిస్తోంది. ఎన్నేళ్లు చదవాలి, ఇప్పట్నుంచే ఏం చేయాలి?

జవాబు: మాట్లాడటం రాదు కాబట్టి పాథాలజీ అనుకుంటే మాత్రం అక్కడే తప్పులో కాలేసినట్టు. జంతువుల ఓనర్లతో పని తక్కువే, నిజమే, కానీ డాక్టర్ల ఫోన్లు వస్తూనే ఉంటాయి. మార్జిన్ (కోసిన ముక్క అంచు) దగ్గర కణితి కణాలున్నాయని రాశారు కదా మళ్లీ కోయాలా అని ఒకరు, ఫారంలో రోజూ దూడలు పోతున్నాయి రిపోర్ట్ వచ్చేలోపు ఏదైనా చెప్పండి అని ఇంకొకరు. అప్పుడు మీకు తెలిసిందెంత, ఊహ ఎంత అనేది తేడా తెలిసేలా చెప్పగలగాలి, అది మొహమాటపడితే కుదిరే పని కాదు. రాయడం కూడా బాగా రావాలి, ఎందుకంటే అవతలివాళ్ల చేతికి వెళ్లేది మీ రిపోర్టే.

చచ్చినవాటి డాక్టర్ అనే మాటకొస్తే, డయాగ్నొస్టిక్ ల్యాబ్ టేబుల్ మీదకొచ్చే స్లయిడ్లలో చాలా భాగం బతికున్న కుక్కలవీ పిల్లులవీ బయాప్సీలే (పరీక్షకని ఒంట్లోంచి తీసిన ముక్కలు), మీ రిపోర్ట్ చూసే వాటికి ఆపరేషనా మందులా అన్నది తేలుస్తారు. ఈ సబ్జెక్టులో రెండు దారులున్నాయి. అనాటమిక్ పాథాలజీలో పోస్ట్‌మార్టం, బయాప్సీలు. క్లినికల్ పాథాలజీలో రక్తం, మూత్రం, సూదితో తీసిన కణాలు, పొట్టలోంచి తీసిన నీళ్లు, ఇలాంటివి. స్పెషలిస్ట్ పరీక్షలు కూడా వేరువేరుగానే ఉంటాయి, కాబట్టి ఏది ఎక్కువ నచ్చుతోందో ఇప్పట్నుంచే గమనించుకోండి.

ఉద్యోగాలు ల్యాబుల్లో, కాలేజీల్లో, పశువుల జబ్బులమీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థల్లో, జూలలో ఉంటాయి. ఇంట్లోవాళ్లకి తెలియంది ఇంకోటుంది, మందుల కంపెనీలు. కొత్త మందు మనుషుల దాకా రాకముందు జంతువుల మీద పరీక్షిస్తారు కదా, ఆ జంతువుల లివర్, కిడ్నీ, గుండె అన్నీ స్లయిడ్లుగా చూసి ఏ డోసు దగ్గర ఏం దెబ్బతింటోందో చెప్పాల్సింది పాథాలజిస్టే, దీన్ని టాక్సికాలజిక్ పాథాలజీ అంటారు. మామూలుగా జీతాలు ఎక్కువ ఇటువైపే. పొద్దున్నించి సాయంత్రం దాకా ఏ తేడా లేని ఎలుక లివర్లు వరసపెట్టి చూసే ఓపిక ఉందా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి, కొందరికి అది ప్రశాంతంగా ఉంటుంది, కొందరికి నరకం.

ఎన్నేళ్లంటే, ముందు వెటర్నరీ డిగ్రీ పూర్తవ్వాలి, తర్వాత పీజీ గానీ రెసిడెన్సీ (స్పెషలిస్ట్ ట్రైనింగ్) గానీ. ప్రపంచంలో ఎక్కువగా వినిపించే బోర్డులు, అంటే స్పెషలిస్ట్ పరీక్ష పెట్టే సంస్థలు, రెండు: 1949లో మొదలైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ పాథాలజిస్ట్స్, 1995లో మొదలైన యూరోపియన్ కాలేజ్. వీటికి సుమారు మూడేళ్ల ట్రైనింగ్ తర్వాత పరీక్ష రాయాలి, పీహెచ్‌డీ కూడా కలుపుకుంటే ఇంకొన్నేళ్లు. పరీక్ష కష్టమే, మొదటిసారే అందరూ గట్టెక్కరు.

ఇక ఇప్పట్నుంచి ఏం చేయాలన్నది, నన్నడిగితే అసలు ప్రశ్న ఇదే. జబ్బు పేరు చెప్పాలనే తొందర తగ్గించుకుని, కనిపించింది కనిపించినట్టు రాయడం నేర్చుకోండి. ట్రేలో లివర్ ఉంది, మీద తెల్లచుక్కలున్నాయి అనుకుందాం. చూడగానే ఇది ఫలానా అని నోరు జారొద్దు. లివర్ ఉబ్బిందా, అంచులు పదునుగా ఉన్నాయా గుండ్రంగా అయ్యాయా, చుక్కలు ఒకచోటే ఉన్నాయా అంతటా చల్లినట్టున్నాయా, ఒక మిల్లీమీటరా ఐదా, పైకి లేచాయా లోపలికి దిగాయా, కోస్తే లోపల కూడా ఉన్నాయా, వేలితో నొక్కితే గట్టిగా ఉందా చితికిపోతోందా, ఇవన్నీ రాయండి. రాశాక ఒక్క లైన్లోకి తీసుకురండి: లివర్, తీవ్రమైన, అక్యూట్, మల్టీఫోకల్ నెక్రోటైజింగ్ హెపటైటిస్ (అక్యూట్ అంటే ఈమధ్యే మొదలైంది, మల్టీఫోకల్ అంటే చాలాచోట్ల, మిగతాది కణాలు చచ్చిపోతున్న లివర్ వాపు). ఇందులో ఏ అవయవం, ఎంత తీవ్రం, ఎన్నాళ్లది, ఎలా పరుచుకుంది, ఏం జరుగుతోంది అన్నీ వచ్చేశాయి, జబ్బు పేరు మాత్రం లేదు. ఎందుకంటే జంతువుని బట్టి ఇదే బొమ్మ సాల్మొనెల్లాతోనూ రావచ్చు, హెర్పిస్ వైరస్‌తోనూ రావచ్చు. ముందే పేరు పెట్టేస్తే కళ్లు ఆ పేరుకి సరిపోయేవే వెతుకుతాయి, సరిపోనివి ఎదురుగా ఉన్నా కనపడవు.

ఇది పాఠం చెప్పడానికి అల్లింది కాదు, రాబందుల సంగతే చూడండి. దక్షిణాసియాలో తెల్లవీపు రాబందులు కొన్నేళ్లలోనే దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఏదో అంటురోగం అని చాలామంది అనుమానం. పోస్ట్‌మార్టంలో మాత్రం గుండె మీద, లివర్ మీద సున్నం పూసినట్టు తెల్లటి పూత కనిపించేది, అది యూరిక్ యాసిడ్, అంటే విసరల్ గౌట్ (అవయవాల మీద యూరిక్ యాసిడ్ పేరుకోవడం), అంటే కిడ్నీలు పోయాయని. కిడ్నీలెందుకు పోయాయని వెనక్కి వెళ్తే వైరస్ దొరకలేదు, గౌట్ ఉన్న పక్షుల కిడ్నీల్లో డైక్లోఫెనాక్ దొరికింది, గౌట్ లేకుండా చనిపోయినవాటిలో దొరకలేదు. పశువులకి నొప్పికని ఇచ్చే మందు, ఆ పశువు చస్తే దాన్ని తిన్న రాబందు కిడ్నీని చంపేసింది. లిండ్సే ఓక్స్ బృందం పాకిస్తాన్‌లో పనిచేసి 2004లో ఈ విషయం బయటపెట్టింది, 2006లో పశువుల డైక్లోఫెనాక్ తయారీని ఇండియాలో ఆపేశారు. ఆ తెల్లపూతని పట్టుకుని వెనక్కి వెళ్లబట్టే మందు దాకా దారి దొరికింది.

ప్రాక్టీస్‌కి డబ్బు కూడా అక్కర్లేదు. అమెరికాలోని జాయింట్ పాథాలజీ సెంటర్ వాళ్ల వెన్స్‌డే స్లయిడ్ కాన్ఫరెన్స్ కేసులు ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. జవాబు మూసేసి ముందు మీ వర్ణన రాసుకుని తర్వాత పోల్చుకోండి, మొదట్లో సిగ్గేస్తుంది, పర్లేదు.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను కొన్నేళ్లుగా కుక్కలు, పిల్లుల క్లినిక్ నడుపుతున్నాను. రెండు సంగతులు. ఒకటి, నేను పంపే గడ్డలకి ల్యాబ్ నుంచి "ఆటోలైసిస్ ఉంది, చెప్పలేం" అని తరచూ వస్తోంది, చిరాకేస్తోంది. రెండు, ఇప్పుడు పాథాలజీకి మారితే లేటయిపోయినట్టా?

జవాబు: రెండోది ముందు చెప్తా, లేటేం కాదు, పైగా క్లినిక్ చూసొచ్చినవాళ్ల రిపోర్టులు పనికొచ్చేలా ఉంటాయి, ఎందుకంటే అవతల డాక్టర్‌కి రేపు పొద్దున ఏం కావాలో వాళ్లకి తెలుసు. ఆదాయం తగ్గే ఆ ట్రైనింగ్ ఏళ్లకి మాత్రం ముందే లెక్క వేసుకోండి.

ఇక గడ్డల సంగతి. నాకు తెలిసి చాలాసార్లు గొడవంతా డబ్బా దగ్గరే. ముక్కకి పది రెట్లు 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ (ముక్క చెడకుండా ఉంచే ద్రవం) ఉండాలి, మూతి వెడల్పుగా ఉండాలి. చాలామంది నిమ్మకాయంత గడ్డని చిన్న సీసాలో కుక్కి పంపిస్తారు, ఫార్మలిన్ లోపలికి చాలా నిదానంగా ఇంకుతుంది కాబట్టి పైన అర సెంటీమీటర్ బాగుంటుంది, మధ్యలో కుళ్లిపోతుంది, ఆటోలైసిస్ అంటే అదే. పెద్ద గడ్డయితే మార్జిన్ చెడకుండా మధ్యలో గాట్లు పెట్టి వేయండి. బయాప్సీ ముక్కని ఫ్రీజర్‌లో అస్సలు పెట్టొద్దు, మంచు పలుకులు కణాల్ని చీల్చేస్తాయి. ఇంకోటి ఎక్కువమందికి తెలియదు, సూదితో తీసి ఆరబెట్టిన స్లయిడ్లని ఫార్మలిన్ డబ్బాతో కలిపి ఒకే పార్సిల్లో పంపకండి, ఆ ఆవిరికే స్లయిడ్లకి రంగు సరిగ్గా పట్టదు. ముక్కతో పంపే ఫారంలో "స్కిన్ మాస్" (చర్మం మీద గడ్డ) అని రెండు ముక్కలు రాసి ఊరుకోకుండా కుక్క వయసు, గడ్డ ఎక్కడుంది, ఎన్నాళ్ల నుంచి, ఏం మందులు వాడారు, ఇవి రాయండి బాబూ. స్టెరాయిడ్ వాడిన సంగతి దాస్తే లింఫోమా (ఒక రకం తెల్లరక్తకణాల క్యాన్సర్) బయాప్సీలో మేం తలకిందులవుతాం.

ప్రశ్న: నాది వెటర్నరీ కాదు, మామూలు బీఎస్సీ. నేను వెటర్నరీ పాథాలజిస్ట్ అవ్వచ్చా?

జవాబు: డయాగ్నోసిస్ రాసే పాథాలజిస్ట్ అవ్వాలంటే వెటర్నరీ డిగ్రీ ఉండాల్సిందే. కానీ ముక్కని మైనంలో పెట్టి నాలుగైదు మైక్రాన్ల మందాన కోసి రంగు వేసే హిస్టాలజీ టెక్నీషియన్ పని మీకు దొరుకుతుంది, మంచి చేయి ఉన్న టెక్నీషియన్ లేకపోతే ఎంత గొప్ప పాథాలజిస్టయినా చేసేదేం లేదు.

ప్రశ్న: మేడం, ఇప్పుడన్నీ ఏఐ చూసేస్తోంది కదా, నేను చదువు పూర్తి చేసేసరికి ఈ ఉద్యోగం ఉంటుందా?

జవాబు: స్లయిడ్ మొత్తాన్ని స్కాన్ చేసి స్క్రీన్ మీద చూడటం ఇప్పటికే వచ్చేసింది, లెక్కపెట్టే పనులు కంప్యూటర్‌కి ఇచ్చేస్తేనే మేలు. కుక్కల చర్మానికొచ్చే మాస్ట్ సెల్ ట్యూమర్‌నే తీసుకోండి, 2011లో వచ్చిన గ్రేడింగ్ ప్రకారం పది హై పవర్ ఫీల్డుల్లో (మైక్రోస్కోప్‌లో బాగా పెద్దది చేసి చూసే చోట్లు) ఏడు లేదా అంతకన్నా ఎక్కువ మైటోసిస్‌లు (విడిపోతున్న కణాలు) ఉంటే అదొక్కటి చాలు హై గ్రేడ్, అంటే ప్రమాదకరమైనది, అనడానికి. ఆరా ఏడా అన్నది సాయంత్రం అలసిపోయిన కళ్లకి ఒకలా, పొద్దున్న ఇంకోలా కనిపిస్తుంది, అక్కడ మెషిన్ సాయం కావాల్సిందే. కానీ వచ్చేవి కుక్కలొక్కటే కాదు కదా, కోళ్లు, చేపలు, తాబేళ్లు, ఎప్పుడూ చూడని అడవి జంతువు కూడా వస్తుంది, వాటన్నిటికీ నేర్పడానికి చాలినన్ని స్లయిడ్లు ఎక్కడున్నాయి? నేనైతే భయపడను, కానీ వాడటం నేర్చుకోకపోతే మాత్రం వెనకబడతారు.

ప్రశ్న: పోస్ట్‌మార్టం రూంలో జబ్బులు అంటుకుంటాయని మా అమ్మ భయపడుతోంది. నిజమా?

జవాబు: భయం ఉత్తదేం కాదు, జాగ్రత్తలున్నాయి. రేబిస్ టీకా ముందే వేయించుకోండి, క్షయ అనుమానం ఉన్న జంతువుని మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు, ఫార్మలిన్ కూడా క్యాన్సర్ తెచ్చేదే కాబట్టి గాలి బయటకి లాగే ఏర్పాటు లేకుండా ముక్కలు కోయొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, కోయకూడనిది గుర్తుపట్టడం. ఆవు హఠాత్తుగా చచ్చి, ముక్కులోంచి మలద్వారంలోంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతుంటే ఆంత్రాక్స్ (మనుషులకీ అంటుకునే బ్యాక్టీరియా జబ్బు) అనుకోవాలి, అప్పుడు కత్తి పట్టుకోవద్దు. శవాన్ని కోస్తే గాలి తగిలి ఆ బ్యాక్టీరియా స్పోర్‌లుగా (గట్టి పొర కప్పుకున్న రూపంలోకి) మారి మట్టిలో ఏళ్లకేళ్లు బతికుంటుంది. గ్లవ్స్ వేసుకుని చెవి సిరలోంచి ఒక చుక్క రక్తం తీసి స్లయిడ్ చేసి, అధికారులకి చెప్పి, వాళ్లు వచ్చేదాకా శవాన్ని ముట్టుకోకుండా ఉంచాలి.