అరిగిన అక్షరాలకు మళ్లీ రంగు

ప్రశ్న: షార్ట్ ఫిల్ముల కోసం కొన్న ఎయిర్‌సాఫ్ట్ రైఫిల్ (చిన్న ప్లాస్టిక్ గుళ్లు కొట్టే ఆటతుపాకీ) నమూనా ఉంది. బాడీ ఏబీఎస్ ప్లాస్టిక్. మ్యాగజైన్ (గుళ్లు నింపే డబ్బా) పెట్టేచోట పక్కనున్న తెల్ల అక్షరాలు సగం చెరిగిపోయాయి. వైట్నర్‌తో దిద్దితే వారం తిరక్కుండానే రాలిపోతోంది. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: వైట్నర్ ఆరాక పెళుసెక్కుతుంది. మోటారు అదురుకీ చేతి రాపిడికీ పెచ్చులుగా ఊడిపోతుంది. అంతకంటే పెద్ద కారణం సిలికాన్ ఆయిల్. లోపలి రబ్బరు భాగాలకు కొట్టిన స్ప్రే తుంపర బాడీ మీద కూడా పడి అక్షరాల గాడుల్లో చేరుతుంది. అది ఉన్నచోట ఏ రంగూ పట్టదు. అందుకే ఈ పనిలో ముప్పాతిక వంతు శుభ్రం చెయ్యడమేనని మా గట్టి అభిప్రాయం.

ముందు మ్యాగజైన్ తియ్యండి. లోపల బీబీ (ప్లాస్టిక్ గుండు) మిగిలి ఉండొచ్చు కాబట్టి మనుషులు లేని వైపు ఒకటి రెండుసార్లు పేల్చి, ఆ తర్వాత బ్యాటరీ ఊడదియ్యండి. గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చని నీళ్లలో కలిపి, మెత్తని టూత్‌బ్రష్‌తో అక్షరాల వరకే రుద్దండి. నీళ్లు లోపలికి పోకూడదు. తడి గుడ్డతో తుడిచి, ఆరాక దూదిపుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది గాడులన్నీ తుడవండి. దూదికి మురికి అంటడం ఆగేదాకా పుల్లలు మారుస్తూ ఉండండి. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి మాత్రం పోవద్దు. చాలావాటిలో అసిటోన్ ఉంటుంది, అది ఏబీఎస్‌ను కరిగిస్తుంది. అక్షరాల అంచులు ఒకసారి కరిగాయంటే ఇక బాగుపడవు.

రంగుకి బొమ్మలేసేవాళ్లు వాడే తెల్ల అక్రిలిక్ చాలు. నీళ్లు కలపకండి. టూత్‌పిక్ కొనతో కొద్దికొద్దిగా తీసుకుని గాడిలోకి నొక్కండి, అక్షరం చుట్టూ కాస్త అంటినా పరవాలేదు. అయిదు పది నిమిషాల్లో పైన పొర కడుతుంది. అప్పుడు పాత ఏటీఎం కార్డు అంచుకి పలచని నూలుగుడ్డ బిగుతుగా చుట్టి, నీటితో చెమ్మ చేసి, అక్షరాలకు అడ్డంగా ఒక్కసారి లాగండి. వేలికి గుడ్డ చుట్టి తుడిస్తే అది గాడిలోకి దిగి, వేసిన రంగునంతా పైకి లాగేస్తుంది. చాలామంది దగ్గర పని చెడేది ఇక్కడే. నీరు ఆవిరయ్యాక అక్రిలిక్ కుంగుతుంది కనుక ఒక రాత్రి ఆరనిచ్చి రెండో పూత కూడా వెయ్యాలి.

వేలిగోరు మీ అక్షరాల అంచున తగులుతోందా? తగిలితేనే ఈ పద్ధతి. నున్నగా జారిపోతే అవి చెక్కినవి కావు, పైన అచ్చేసినవి. వాటికి డెకాల్, అంటే నీటిలో నానబెట్టి అంటించే పలచని అచ్చు స్టిక్కర్ కావాలి. మామూలు ఇంక్‌జెట్ ప్రింటర్‌లో తెల్ల ఇంకు ఉండదు కాబట్టి తెల్ల అక్షరాల డెకాల్ చేయించుకోవలసిందే. గరుకు బాడీ మీద నేరుగా అంటిస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. ముందు గ్లాసీ (మెరిసే) క్లియర్, అంటే రంగులేని వార్నిష్ స్ప్రే ఒక పూత కొట్టి, ఆరాక డెకాల్ అంటించి, ఆపైన మ్యాట్ (మెరవని) క్లియర్ కొట్టండి.

ప్రశ్న: క్లియర్ కొడితే అక్షరాల మీద తెల్లటి పొగమంచులా పట్టేసింది. ఎందుకు?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: తేమ వల్ల. స్ప్రేలోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది. గాలిలోని తేమ దాని మీద పట్టి లోపలే చిక్కుకుంటుంది. మన జిల్లాల్లో ముసురు రోజుల్లో, తెల్లవారుజామున ఈ పని పెట్టుకోవద్దు. ఎండ కాసిన రోజు పదకొండు గంటల తర్వాత, గాలి ఆడే నీడలో కొట్టండి. దూరం ఒక జానెడు. డబ్బాను కదుపుతూ పలచని పూతలు మూడు, మధ్యలో పదేసి నిమిషాలు. గురిచూసే సైట్లు, మీటలు, గుళ్లు వెళ్లే దారి మాస్కింగ్ టేపుతో మూసెయ్యండి. ఒకదానిపై ఒకటి జారే భాగాలకు క్లియర్ తగలకూడదు, అది రాలి జిగురులా అడ్డం పడుతుంది. రెండు రోజులు ఆగాకే చేత్తో పట్టుకోండి.

ప్రశ్న: గొట్టం చివర నారింజ రంగు కూడా వెలిసింది. నల్లరంగు వేసెయ్యొచ్చా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: వద్దు. దూరం నుంచి చూసేవాళ్లకు అది ఆటవస్తువని చెప్పేది ఆ రంగే. నారింజ రంగే మళ్లీ వెయ్యండి. ఊళ్లో తీసుకెళ్లేటప్పుడు కప్పిన పెట్టెలోనే ఉంచండి. నిజమైన తుపాకీ మీది నంబర్ల సంగతి పూర్తిగా వేరు. వాటిని చెరపడం, మార్చడం 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. మా సలహాలేవీ వాటికి వర్తించవు.

ప్రశ్న: మాది సముద్రపు ఒడ్డు. మెటల్ బాడీ నమూనాలో అక్షరాల చుట్టూ తెల్లపొడి తేలుతోంది.
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: నమూనాల మెటల్ బాడీలు చాలావాటిలో జింక్ మిశ్రమం ఉంటుంది. పూత లేచినచోట ఉప్పుగాలి తగిలితే తెల్లపొడి పుడుతుంది. దాని మీదే రంగు వేస్తే కింద అది పెరుగుతూ రంగును లేపేస్తుంది. గట్టి నైలాన్ బ్రష్‌తో పొడి పూర్తిగా రాల్చి, ఆల్కహాల్‌తో తుడిచి, మెటల్ ప్రైమర్ పలచగా వేశాకే అక్షరాలు నింపండి. ఆడిన ప్రతిసారీ చెమటను పొడిగుడ్డతో తుడవండి. స్పాంజి ఉన్న రెగ్జిన్ సంచిలో నిలవ ఉంచొద్దు, స్పాంజి తేమను పట్టి ఉంచుతుంది. మూత బిగుతుగా పడే ప్లాస్టిక్ పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే వాటిని మార్చాలి.