పాప జెండర్ స్టడీస్ మైనర్ తీసుకుంటానంటోంది, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది టంగుటూరు దగ్గర పల్లె, పొగాకు వ్యవసాయం. మా పాప బెంగళూరులో ఎకనామిక్స్ ఆనర్స్ చదువుతోంది. మైనర్‌గా, అంటే మెయిన్ సబ్జెక్టు పక్కన చదివే రెండో సబ్జెక్టుగా, ఉమెన్ అండ్ జెండర్ స్టడీస్ తీసుకుంటానని పట్టుబట్టింది. డేటా సైన్స్ తీసుకోమని ఫోన్లో అరిచినా వినదు. రేపు ఉద్యోగానికి, సంబంధాలకి ఇబ్బంది కాదా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోలుస్తానండీ. కానీ ఒంగోలు నుంచీ నెల్లూరు నుంచీ నాకు వచ్చే ఇలాంటి ప్రశ్నలన్నీ ఉద్యోగంతో మొదలై సంబంధాల దగ్గర ఆగుతాయి, మీదీ అంతే. అసలు భయం పాపకి ఉద్యోగం రాదని కాదు, ఇంటికొచ్చి ఏం అడుగుతుందోనని.

ముందు టెన్షన్ తగ్గించుకోండి. యూనివర్సిటీలకి నిబంధనలు పెట్టే యూజీసీ తెచ్చిన నాలుగేళ్ళ డిగ్రీలో 160 క్రెడిట్లు (చదువు బరువు కొలిచే పాయింట్లు) ఉంటే మేజర్‌కి కనీసం 80, మైనర్‌కి 32. అంటే పాప ఎకనామిక్స్ గ్రాడ్యుయేటే, కంపెనీ అయినా పీజీ సీటైనా చూసేది దాన్నే. పెళ్ళివారి సంగతంటారా, మార్కుల లిస్టు తిప్పి మైనర్ చూసే పెళ్ళివారిని నేనింతవరకూ చూళ్ళేదు, వాళ్ళు ప్యాకేజీ ఎంతని అడుగుతారు, అంతే.

ఇక డేటా సైన్స్. పక్కింటబ్బాయి తీసుకున్నాడని మీరు చెబుతున్నారనిపిస్తోంది. సాఫ్ట్‌వేర్ కోర్సుల్లో ఒకప్పుడు శాప్ అన్నారు, ఆ తర్వాత హడూప్ అన్నారు, అమీర్‌పేటలో బోర్డులు మారుతూనే ఉన్నాయి. ఆ సబ్జెక్టు చెడ్డదని కాదు, కానీ మైనర్‌గా చాలాచోట్ల చెప్పేది కాస్త పైథాన్, నాలుగు గ్రాఫులు, పైపైన మెషీన్ లెర్నింగ్, చివర్లో టైటానిక్ ఓడలో ఎవరు బతికారో లెక్కగట్టే ప్రాజెక్టు. అదే ప్రాజెక్టు వందల రెజ్యూమేల్లో ఉంటుంది, ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న అటూ ఇటూ తిప్పి అడిగితే సగంమంది నీళ్ళు నములుతారు. పైగా ఎకనామిక్స్ ఆనర్స్‌లో స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ ఎలాగూ ఉంటాయి. అవి గట్టిగా చదివి సెలవుల్లో లెక్కలు కట్టే ఆర్ (R) భాష గానీ పైథాన్ గానీ నేర్చుకుంటే చాలు, దానికోసం మైనర్ ఖర్చుపెట్టడం ఎందుకో నాకర్థం కాదు.

జెండర్ స్టడీస్ అంటే మగాళ్ళని తిట్టే క్లాసనుకుంటున్నారేమో. కాదు, ఆడా మగా తేడా ఇంట్లో, పనిలో, డబ్బులో ఎలా పనిచేస్తుందో చదివే సబ్జెక్టు. జనం రోజులో ఏ పనికెంత సమయం పెడతారో లెక్కగట్టిన 2019 టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసేవాళ్ళ సగటు ఆడవాళ్ళకి రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళకి 97 నిమిషాలు అని తేలింది. ఆ 299 నిమిషాలు జీడీపీలోకి ఎందుకు రావు అన్నది ఎకనామిక్స్ ప్రశ్నే కదా! మన నెల్లూరు జిల్లా దూబగుంట చూడండి. రాత్రిబడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడితే, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఖజానాకి ఆదాయం తెచ్చే వ్యాపారాన్ని పల్లెటూరి కూలి మనుషులు ఎలా ఆపించారో బయటి రాష్ట్రాల పిల్లలు క్లాసులో చదువుతున్నారు, మన పిల్ల చదివితే మాత్రం మనకి ఉలుకు.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ బ్యారన్ (పొగాకు ఆకు క్యూరింగ్ చేసే కొట్టు) దగ్గర కర్రలకి పచ్చాకు కట్టేదెవరు? ఆ జిగురు నల్లగా పట్టి ఎంత కడిగినా వదలని చేతులెవరివి? కూలి రేటు మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి ఎందుకుంది? పొగాకు బోర్డు రిజిస్ట్రేషన్ మీ పేరునుందా, మీ ఇంటావిడ పేరునుందా? పాప ఇవన్నీ చిన్నప్పటినుంచీ చూస్తూనే పెరిగింది. మైనర్ మాన్పించినంత మాత్రాన ఆ ప్రశ్నలు పోవు, మీతో చెప్పడం మానేస్తుందంతే. ఆ మాత్రం దానికి ఫోన్లో అరవాలా?

ఇప్పుడు నిజం కూడా చెప్పాలి. ఒక్క ఈ మైనర్ చూసి ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. లెక్చరర్ పోస్టులు తక్కువ, స్వచ్ఛంద సంస్థల్లో మొదటి జీతం ఐటీ అంత ఉండదు. అయితే ఎకనామిక్స్‌తో కలిస్తే పరిశోధన సంస్థల్లో, సర్వేల్లో, జెండర్ బడ్జెట్ (ప్రభుత్వ ఖర్చులో ఆడవాళ్ళకి ఎంత చేరుతోందో చూసే) పనుల్లో పనికొస్తుంది. 2013 చట్టం ప్రకారం పదిమందీ అంతకుపైనా పనిచేసే చోటల్లా లైంగిక వేధింపుల ఫిర్యాదులకి కమిటీ ఉండాలి, కాబట్టి హెచ్‌ఆర్ వైపు వెళ్ళినా ఈ చదువు వృథా కాదు. సివిల్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో మహిళలు, మహిళా సంఘాల పాత్ర సిలబస్‌లోనే ఉంది. ఇంకా చదవాలనుకుంటే తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, ఇగ్నో ఓపెన్ యూనివర్సిటీలో ఎంఏ ఉంది, లెక్చరర్ అర్హతకి రాసే యూజీసీ నెట్ పరీక్షలోనూ ఈ సబ్జెక్టుంది.

పాపని అడగాల్సింది ఒకటే: ఆ మైనర్‌లో ఏ పేపర్లున్నాయి, ఫీల్డ్‌వర్కో సర్వేనో చేయిస్తారా, లేక అంతా థియరీయేనా? థియరీయే అయితే ప్రాజెక్టుకి మన పొగాకు కూలీల మీద డేటా తనే సేకరించుకోమనండి, టైటానిక్ కన్నా నయం. ఫారం తననే నింపనివ్వండి, మీరు ఫీజు టైముకి కట్టండి చాలు.