ఏడునూర్ల టంకాలు ఎన్ని కిలోలు?

సందేహం: శ్రీనాథునిదిగా చెప్పే చాటుపద్యంలో “ఎట్లు చెల్లింతు టంకంబు లేడునూర్లు” అని ఉంది. ఏడువందల టంకాలంటే 8.165 కిలోల వెండి అని ఒక వ్యాఖ్యలోను, 2.1 కిలోలని మరొక వ్యాఖ్యలోను చదివాను. ఏది సరి? పాత తూనికలను మెట్రిక్ మానంలోకి మార్చడానికి నియమమేదైనా ఉన్నదా?

సమాధానం: ఇద్దరు వ్యాఖ్యాతల గుణకారంలోనూ దోషం లేదు, దోషం గుణకారానికి ముందే జరిగింది. టంకం పాత నాణేనికీ, ఒక తూనికకూ పేరు. మొదటివారు టంకాన్ని తులంతో సమానం చేసి, తులానికి 11.664 గ్రాములు వేసుకొన్నారు. ఈ అంకె 1833లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం తులాన్ని 180 ట్రాయ్ గ్రెయిన్లుగా (ఆంగ్లేయులు వెండి బంగారాలను తూచే మానంలో) స్థిరపరచినప్పుడు ఏర్పడ్డది. కంపెనీ తక్కెడను పదిహేనవ శతాబ్దపు కవి చేతికిచ్చి అప్పు తూయించడం సాహసమే. అయితే ఢిల్లీ సుల్తానుల వెండి టంకం కూడా పదకొండు గ్రాములకు దగ్గరగా తూగేది కనుక ఆ సమీకరణం బొత్తిగా నిరాధారమని అనలేను.

రెండవవారు వైద్యగ్రంథాన్ని ఆశ్రయించారు. ఆ గ్రంథకర్త శార్ఙ్గధరుడు ఆరు గురివింద గింజలు ఒక మాషమనీ, నాలుగు మాషాలు ఒక శాణమనీ, దానికే టంకమని మరొక పేరనీ చెప్పాడు. అంటే ఇరవైనాలుగు గింజల ఎత్తు. నేటి ఆయుర్వేద ఔషధ ప్రమాణాలలో గింజకు 125 మిల్లీగ్రాములు నిర్ణయించుకొన్నారు కాబట్టి టంకం మూడు గ్రాములైంది. మందు కలిపేవారికి ఈ నిర్ణయం అవసరమే. పద్యానికి వ్యాఖ్య రాసేవారికి మాత్రం అది ప్రమాణం కాదు. నాలుగు గురివింద గింజలు అరచేతిలో వేసుకొని చూడండి: ఒకటి నిండుగా, ఒకటి నొక్కుకుపోయి, ఒకటి ఎండి తేలికై ఉంటుంది. ఇంతటి చంచలమైన పునాది మీద మూడు దశాంశ స్థానాల మేడ కట్టడం ఈ కాలపు వేడుక.

గింజ ఒక్కటే అయినా పట్టిక ఒక్కటి కాదన్నది అంతకన్న పెద్ద చిక్కు. అమరకోశం రాసిన అమరసింహుడు ఐదు గుంజలకే, అంటే గురివింద గింజలకే, మాషమన్నాడు. ఆ లెక్కన అరవైనాలుగు మాషాల పలం 320 గింజలు. శార్ఙ్గధరుని పలం 384 గింజలు. మెట్రిక్ మానం రాకముందు మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) వాడిన పలం మూడు తులాలు, వీశెకు నలభై పలాలు. గింజకు ఆ 125 మిల్లీగ్రాములనే వేసినా మొదటి పలం 40 గ్రాములు, రెండవది 48. మూడవదానికి గింజతో పనే లేదు, అది 35 గ్రాములు. ఇక అమరుని ‘తుల’ నూరు పలాలని, మన ‘తులం’ పలంలో మూడవ వంతని తెలియకుండా నిఘంటువు చూసి గుణించేవారి సంగతి చెప్పనవసరం లేదు.

ఇంతకూ ఆ పద్యంలో టంకం తూనికేనా? “కృష్ణవేణమ్మ కొనిపోయె నింత ఫలము, బిలబిలాక్షులు తినిపోయె తిలలు పెసలు” అన్న తరువాత వచ్చే మాట అది. బొడ్డుపల్లెలో భూమి గుత్తకు చేసి, వరదకు ఒక పంటను, పిట్టలకు మరొక పంటను పోగొట్టుకొన్నవాడు ఏలినవారికి కట్టవలసిన పైకాన్ని తలచుకొంటున్నాడు. ఆ కవిదేనని చెప్పే మరొక సీసంలో “దీనార టంకాల తీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల” అని శారదాంబను పలకరించాడు. అక్కడ, రాజు కొలువులో, టంకాలు స్నానానికి సరిపోయేటన్ని. ఇక్కడ వాటిని కట్టే దారి లేదు. ‘దీనార’ పక్కన నిలిచినందువల్ల అక్కడ అది నాణెమే. ముత్యాలశాల టంకాలను సంప్రదాయం బంగారువంటుంది. బొడ్డుపల్లె టంకాల లోహమేదో పద్యం చెప్పలేదు. ‘వెండి’ అన్నది వ్యాఖ్యాత చేర్చిన మాట. ‘ఎట్లు చెల్లింతు’ అన్నవాడు సంఖ్య చెప్పాడే గాని ఎత్తు చెప్పలేదు. టంకశాలలో ‘టంక’ ఈ నాణెమే. రాతిపనివాని ఉలికీ టంకమని పేరుంది. లోహాలను అతికే టంకం మాట టంకణానికి, అంటే వెలిగారానికి, సంబంధించినది.

కాబట్టి నా మట్టుకు నేను పద్యవ్యాఖ్యలో ‘ఏడువందల టంకాల నాణేలు’ అని రాసి ఊరుకొంటాను. గ్రాములు చెప్పి తీరాలనుకొంటే ఏ పట్టిక, గింజకు ఎంత బరువు అన్నవి ముందు చెప్పి, ‘సుమారు రెండు కిలోలు మొదలు ఎనిమిది కిలోల దాకా’ అనవచ్చు. శాసనంలో నాణెం పేరుతోపాటు లోహమూ, దొరికిన నాణెం బరువూ తెలిసిన చోట ఇంతకన్న దగ్గరగా చెప్పడానికి వీలుంటుంది. పై రెండు అంకెలలో ఒకటి ఎంచి తీరవలసిందే అంటే చిన్నదాని వైపు కొంచెం మొగ్గుతాను గాని, ఆ మొగ్గును నిర్ణయంగా తీసుకోవద్దని మనవి.