క్లిక్కులు వస్తున్నాయి, ఆర్డర్లు లేవు: సమాధానం

తమ్ముడూ, కావలి నుంచి మిక్సీల అమెజాన్ అఫిలియేట్ లింకుకు (దాని ద్వారా ఎవరైనా కొంటే నీకు కమీషన్ వచ్చే లింకు) గూగుల్ యాడ్ పెడితే డబ్బులు పోయాయే తప్ప ఒక్క ఆర్డరూ రాలేదన్నావు. ముందు యాడ్ ఆపెయ్. జనం ఏ మాటలు వెతికి నీ యాడ్ నొక్కారో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరువు. ‘మిక్సీ’ అని బ్రాడ్ మ్యాచ్‌లో, అంటే దానికి సంబంధించిన ఏ వెతుకులాటకైనా యాడ్ కనిపించేలా, వదిలేస్తే ‘మిక్సీ రిపేర్ ఒంగోలు’ అని వెతికేవాళ్లూ నొక్కుతారు, వాళ్లు కొనరు. రిపేర్, సెకండ్ హ్యాండ్ లాంటివి నెగటివ్ కీవర్డ్స్‌లో (యాడ్ కనిపించకూడని మాటల జాబితాలో) పెట్టు. ‘750 వాట్స్ మిక్సీ ధర’ లాంటివి ఎగ్జాక్ట్ మ్యాచ్‌లో, అంటే అదే అర్థంతో వెతికినవాళ్లకే యాడ్ కనిపించేలా, పెట్టుకో.

కమీషన్ 150 రూపాయలు, 100 క్లిక్కులకు 2 ఆర్డర్లు అనుకుంటే, క్లిక్కు 3 రూపాయలు దాటితే నష్టమే. అప్పు తెచ్చి మాత్రం బిడ్ (క్లిక్కుకు నువ్వు ఇస్తానన్న ధర) పెంచకు నాయనా.

అన్నట్టు, యాడ్ నుంచి నేరుగా అమెజాన్‌కు పంపితే వాళ్ల అఫిలియేట్ నిబంధనలు ఒప్పుకోవు. సొంత పేజీ పెట్టి, యాడ్ నొక్కినవాళ్లను దానికి పంపి, అక్కడ అమెజాన్ లింకు ఇవ్వు. ఇడ్లీ పిండికి ఏ మోటారు వేడెక్కకుండా తట్టుకుంటుందో అందులో వివరంగా రాయి.