బ్యారన్ రేకులకు బంగారం తాకట్టు ఎందుకు?

ప్రశ్న: టంగుటూరు దగ్గర మాకు పదహారడుగుల పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే, అంటే క్యూరింగ్ చేసే గది) ఉంది. పైన జీఐ రేకులు పాతవే గానీ తుప్పు పట్టలేదు. పోయిన తుఫానుకు చూరు దగ్గర రెండు రేకులు లేచాయి. బంగారం పెట్టి 2 లక్షలు తెచ్చి కప్పు మొత్తం మార్చమంటున్నారు. ఉన్నదాన్ని బిగించడానికి మేస్త్రి 25 వేలు అడిగాడు. చేతిలో 60 వేలున్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: బంగారం కదిలించకండి. నూటికి రూపాయి వడ్డీ అయినా 2 లక్షలకు ఏడాదికి 24 వేలు. దాదాపు మేస్త్రి అడిగినంత సొమ్ము ఒక్క వడ్డీకే పోతుంది. కొత్త రేకులైనా మేకులతో కొడితే మళ్లీ లేస్తాయి. లోపం రేకుది కాదు, బిగింపుది.

ఈదురుగాలి కప్పు మీదుగా దూసుకుపోతూ రేకును పైకి పీలుస్తుంది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుఫానులో గాలి గంటకు 110 కిలోమీటర్ల దాకా వీచింది. ఆ వేగానికి పదడుగుల రేకు మీద లాగుడు సుమారు 180 కిలోలు. రేకు బరువు చూస్తే 15 కిలోలకు అటూ ఇటూ. చూరు, కొప్పు, మూలల దగ్గర లాగుడు ఇంకా ఎక్కువ. రెండు ఇసుక బస్తాలు ఎత్తి పెడితే ఆగేది కాదు.

అందుకని మొదటి 25 వేలు బిగింపుకే. మేకులు తీయించి, రేకుల కింది అడ్డ పైపులకు తగులుకునే కొక్కెం లాంటి జె బోల్టులు వేయించండి. చూరు వరసలోనూ కొప్పు వరసలోనూ అడుగుకొకటి, మధ్య వరసల్లో రెండడుగులకొకటి. మీ కప్పుకు నూట ఇరవై దాకా పడతాయి. బోల్టు రేకు మిట్ట మీద, వాషర్‌తో రావాలి. పల్లంలో వేస్తే నీళ్లు కారతాయి. మరీ బిగిస్తే మిట్ట అణిగిపోయి వాషర్ పక్కనుంచి కారుతుంది. ఇంతటితో ఆపితే ఈసారి రేకులు అడ్డ పైపులతో సహా లేస్తాయి. పైపు మీదుగా ఇనుప పట్టీ తిప్పి, గోడ వెంట మూడడుగులు కిందికి దించి బోల్టు చేయించండి. అప్పుడే గోడ బరువు కప్పును పట్టుకుంటుంది. బేరం ఆడేటప్పుడు ఈ పట్టీలు మాత్రం తగ్గించుకోకండి. తుఫాను రోజు తలుపు, గాలి కంతలు అన్నీ మూసేయాలి. లోపల దూరిన గాలి కింద నుంచి తోస్తుంది.

పని అక్టోబర్‌లోపే కావాలి.

తర్వాత బీమా. 2021 ఏప్రిల్ 1 నుంచి ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే చిన్న వ్యాపారాల బీమా పాలసీలో తుఫాను నష్టం కూడా ఉంటుంది. పత్రంలో గోడౌన్ అని కాకుండా పొగాకు క్యూరింగ్ బ్యారన్ అనే రాయించండి. ప్రీమియం తగ్గుతుందని విలువ తక్కువ చెప్పొద్దు. 6 లక్షల బ్యారన్‌కు 3 లక్షలే రాయిస్తే, లక్ష నష్టానికి చేతికొచ్చేది సగమే. తుఫాను హెచ్చరిక వచ్చాక అడిగితే కంపెనీలు సాధారణంగా ఒప్పుకోవు.

ప్రీమియం పోగా మిగిలింది చీటీలో వేయకండి, సేవింగ్స్ ఖాతాలోనే ఉంచండి. నాట్లకు, ఎరువులకు చేతి డబ్బు అయిపోయే నవంబర్, డిసెంబర్‌లోనే తుఫాన్లు. వేలం డబ్బు వచ్చేసరికి ఫిబ్రవరి, మార్చి దాటుతుంది. ఈలోగా నాలుగు రేకులు పోయినా, క్యూరింగ్ ఆగకుండా ఆ సొమ్ముతోనే వేయించుకోవచ్చు.

బోల్టుల బిల్లు, పని పూర్తయ్యాక తీసిన ఫొటోలు పాలసీ పత్రంతో పాటే దాచండి. నష్టం జరిగితే టార్పాలిన్ కప్పండి గానీ, బీమా కంపెనీ సర్వేయర్ చూసేదాకా విరిగిన రేకులు తీయించొద్దు.